తల్లి సాలుకు ఎర్ర రిబ్బన్లు

నున్జియో ట్రాక్టరు ఇంకా కాలువ గట్టు మీదే ఉంది. పోయినవారం కథని అక్కడే ఆపాం. "నీ చేలో తెగులు మొక్కలు నువ్వు పీకుతావా, నన్ను దిగమంటావా?" అని అతను అవతలి గట్టు నుంచి అరిచాడు. "ఒక్క చక్రం కాలువ దాటనీ, అప్పుడు చెప్తా" అని రోసాల్బా పార చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడే ఇసుక దారిలో పరిశోధన కేంద్రం వాళ్ల జీపు వచ్చి ఆగింది.

జీపులోంచి వెర్నా దిగింది. రెండు వారాల కిందట రెండు పొలాల్లోనూ బ్లూబెర్రీ ఆకులు కోసి, సంచుల్లో వేసి, నంబర్లు వేయించుకుని పట్టుకెళ్లిన మనిషి. ఇప్పుడు ఆమె చేతిలో ఒకే ఒక్క కాగితం ఉంది.

"ఇద్దరూ ఇక్కడే ఉన్నారా? మంచిదైంది. రెండుసార్లు చెప్పే పని తప్పింది."

"చెప్పు, చెప్పు. ఎవరి చేలోంచి ఎవరి చేలోకి వచ్చిందో ఆ ఒక్క ముక్క చెప్పు చాలు," అన్నాడు నున్జియో.

"నిలబడి చెప్పే మాట కాదు. పెద్దావిడ కూడా ఉండాలి."

రోసాల్బా పార భుజాన వేసుకుని ఇంటివైపు నడిచింది. నున్జియో ట్రాక్టరు దిగి, చెక్క వంతెన మీదుగా కాలువ దాటాడు. అత్తగారి గడప తొక్కి అతనికి రెండేళ్లయింది.

అత్తగారంటే అస్సుంటా. వయసు డెబ్భై ఏడు. ఆమె కొడుకు పోయి ఆరేళ్లు కావడంతో పదకొండెకరాలూ కోడలు రోసాల్బా చేతిమీదుగా నడుస్తున్నాయి. కాలువకు అవతల పొలం అల్లుడు నున్జియోది. అస్సుంటా చిన్నకూతురు కొంచెట్టా నలభయ్యో ఏట, ఇక పెళ్లి మాట ఎత్తవద్దని అందరికీ చెప్పేశాక, తొమ్మిదేళ్ల కిందట ఇతన్ని చేసుకుంది. రెండిళ్ల మధ్యా రాకపోకలు బాగానే ఉండేవి. మూడేళ్ల కిందట పొదలు చావడం మొదలయ్యాక ఆగిపోయాయి.

చావు కూడా ఒక తీరుగా వచ్చింది. మే నెలలో నిండుగా పూసిన కొమ్మ వారం తిరగకుండా మాడిపోయేది. మొదటి ఏడు మంచు దెబ్బ అనుకున్నారు. అయితే మంచుకు మాడిన పువ్వు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. ఇది రాలలేదు. ఎండిన గుత్తులు ఎండాకాలం పొడవునా కొమ్మల్నే పట్టుకుని ఉన్నాయి. రెండో ఏడు ఆ కొమ్మలు చివళ్ల నుంచి కిందికి ఎండాయి. మూడో ఏడు పొద పోయింది, పక్కపొద మొదలెట్టింది. మా ఊళ్లో దీన్ని మాడు తెగులు అన్నారు. పేరు పెట్టినంత తేలిగ్గా మందు దొరకలేదు. తెగులు నీ చేలోంచి వచ్చిందంటే నీ చేలోంచి వచ్చిందని వీళ్లిద్దరూ కాలువకు చెరోవైపు నుంచి అరుచుకోవడం మాత్రం ఏడాదికేడాది పెరిగింది.

ఇంత చావులోనూ ఇంటి వెనక ఒక్క సాలు పచ్చగా నిలబడింది. తల్లి సాలు అంటారు దాన్ని. నలభై పొదలు, పాతకాలపు జెర్సీ రకం బ్లూబెర్రీ. అస్సుంటా భర్త కలోజెరో ఇరవయ్యేళ్ల వయసులో నాటినవి. ఆ సాలు నుంచి కొమ్మలు కత్తిరించి పెళ్లికూతుళ్లకు ఇవ్వడం ఆ ఇంటి ఆచారం. మార్చిలో, సెయింట్ జోసెఫ్ పండగ నాడు, మొగ్గలు ఉబ్బకముందే పెన్సిలంత లావు కొమ్మలు పన్నెండు కోసి, తడి గోనెలో చుట్టి, పండగ రొట్టెతో పాటు ఒళ్లో పెడతారు. పన్నెండూ వేరు పడితే కాపురం నిలుస్తుందని మావాళ్ల నమ్మకం. పట్టకపోతే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అవి పట్టకపోవడమనేది లేదు, అంత మొండి రకం.

ఆచారం మొదలుపెట్టింది కలోజెరోనే. అస్సుంటాని పెళ్లికి అడగడానికి వచ్చినప్పుడు అతని దగ్గర ఉంగరం లేదు. గోనెలో పన్నెండు కొమ్మలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "ప్రపంచంలో ఏ మగాడూ ఏ ఆడదానికీ ఇవ్వని కానుక" అని అస్సుంటా చెప్పుకోని పెళ్లి మా ఊళ్లో ఇంతవరకూ జరగలేదు. ఆ కథ వింటూ నేనే ఇరవైసార్లు భోంచేశాను.

అందుకే వెర్నా ఆకులు కోయడానికి వచ్చిన రోజున అస్సుంటా ఊరుకోలేదు. "చచ్చినవాటి ఆకులే పట్టుకెళ్తారేంటి? బతికున్నది ఎలా ఉంటుందో కూడా చూడండి. నేర్చుకుంటారు" అని తల్లి సాలు నుంచి గుప్పెడు ఆకులు తెంపి, సంచిలో వేసి, దానిమీద ఏడు అంకె తనే వేసింది. అలా వేయమని ఎవరూ అడగలేదు.

వంటింట్లో బల్ల చుట్టూ కూర్చున్నారు. అస్సుంటా కాఫీ పోసి, సోంపు బిస్కెట్ల పళ్లెం ముందుకు జరిపింది. అల్లుడి ముందుకు మాత్రం జరపలేదు. అతనే చెయ్యి చాచి తీసుకున్నాడు.

"చదువు పిల్లా," అంది అస్సుంటా. వెర్నా ఈ పైన్ అడవుల్లోని మనిషే, మావాళ్లు ఓడ దిగి ఇక్కడికి రాకముందు నుంచీ ఉన్న కుటుంబం. తాతల కాలంలో వాళ్లు చిత్తడి నేలల్లో నాచు ఏరి అమ్ముకునేవాళ్లు. "నాచు ఏరేవాళ్ల పిల్ల మాకు వ్యవసాయం చెప్పే రోజులొచ్చాయి. కానీ, కానియ్."

"మా నాయనమ్మ కూడా మీ గురించి ఏదో అనేది లెండి. నాచు కోసం నీళ్లలో దిగితే మీవాళ్లకి చలేసేదట," అంది వెర్నా నవ్వి. తర్వాత కాగితం చూసింది. "ఒకటి, రెండు, మూడు సంచులు రోసాల్బా చేలో మాడిన పొదలవి. మూడింట్లోనూ వైరస్ ఉంది."

"ఆహా!" నున్జియో బల్ల మీద కొట్టాడు. కాఫీ ఒలికింది.

"నాలుగు, అయిదు, ఆరు నున్జియో చేలోవి. కాలువ పక్కవి. వాటిలోనూ ఉంది."

"ఆహా అనవేం?" అంది రోసాల్బా. "ఇప్పుడు అను. గొంతు పడిపోయిందా?"

"నీ చేలోంచి వస్తే నా చేలో ఉండక ఎక్కడుంటుంది?"

"మీరిద్దరూ ఆగండి," అంది వెర్నా. ఆమె కాగితం మడిచి మళ్లీ విప్పింది. "ఏడో సంచి. దాంట్లోనూ ఉంది."

"ఏడోది ఎవరిది?" అన్నాడు నున్జియో.

అస్సుంటా ఒలికిన కాఫీని గుడ్డతో తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"సంచులు మార్చేశావు," అంది చివరికి.

"మార్చలేదండీ. నాకూ నమ్మకం కుదరక మళ్లీ చేశాను. రెండుసార్లు చేశాను. నాలుగు రోజుల ఆలస్యం అందుకే."

"నా సాలుకి జబ్బా? లేచి వెళ్లి చూడు. పిందెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఆకు మాడిందా? పువ్వు మాడిందా? ఏదీ మాడకుండా జబ్బెలా ఉంటుంది?"

"ఆ రకంతో వచ్చిన చిక్కే అది. జెర్సీ పొదలో ఈ వైరస్ ఉంటుంది, పొదకి మాత్రం ఏం కాదు. పూస్తుంది, కాస్తుంది. పేనుబంక పురుగు దాని ఆకుల రసం పీల్చి పక్క పొద మీద వాలుతుంది. ఆ పక్కది చస్తుంది. ఇది పచ్చగానే ఉంటుంది."

కంచే చేను మేసిందన్నమాట. ఇన్నేళ్లూ ఈ ఇంట్లో అందరూ చచ్చినవాటినే అనుమానించారు. బాగున్నదాన్ని అనుమానించాలని ఎవరికీ తోచలేదు. మా ఊళ్లో ఇంకెవరికైనా తోచేదని నేననుకోను.

నున్జియో మొహం విప్పారింది. "చూశారా? మూడేళ్లుగా మొత్తుకుంటున్నానా లేదా? కాలువకి ఇవతల నుంచే వచ్చిందని..."

"నీ కాలువ పక్క సాలు ఏ రకం?" అని వెర్నా అడిగింది.

"ఏ రకమైతే ఏంటి?"

"ఏ రకం?"

అతను బిస్కెట్టు పళ్లెంలో పెట్టేశాడు. "జెర్సీ."

"ఎక్కడివి?"

ఎక్కడివో అక్కడున్న అందరికీ తెలుసు. కొంచెట్టా పెళ్లికి అస్సుంటా స్వయంగా చుట్టి ఇచ్చిన గోనె అది. మూడేళ్లుగా నున్జియో కాలువ దాటి వచ్చిందనుకున్న తెగులు తొమ్మిదేళ్ల కిందటే పెళ్లికూతురితో పాటు కారెక్కి వచ్చింది. అతనే పన్నెండు గుంతలు తీసి, పన్నెండింటికీ నీళ్లు పోశాడు. పైగా ఆ పొదలు అన్నిటికంటే బాగా కాస్తున్నాయని ప్రతి పండక్కీ భార్యను మెచ్చుకున్నాడు.

"ఇంకొకటి అడగాలి," అని వెర్నా రోసాల్బా వైపు తిరిగింది. "చచ్చిన పొదలు పీకారు కదా. ఆ ఖాళీల్లో ఏం పెట్టారు?"

రోసాల్బా మొహంలో రంగు దిగిపోవడం నున్జియో కూడా చూశాడు. అతను వెక్కిరించలేదు.

"తల్లి సాలు కొమ్మలే," అంది అత్తగారి వైపు చూసి. "చచ్చిన చోట బలమైనదాన్ని పెట్టాలని మమ్మా చెప్పింది. నాకూ అదే సబబనిపించింది. అరవై మూడు. ఒక్కొక్కటీ నా చేతుల్తోనే పెట్టాను."

"పీకేముందు మందు కొట్టారా?"

"చచ్చేదానికి మందెందుకు?"

"పొదకి కాదు, పేనుబంకకి. పొదని కదిపితే అదంతా దిగి పక్కదాని మీదికి పాకుతుంది. ముందు మందు కొట్టి, ఒకట్రెండు రోజులాగి, అప్పుడు వేళ్లతో సహా తీసి కాల్చాలి."

రోసాల్బా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చుంది. సిగ్గుగా ఉంది ఆమెకి. మూడేళ్లు తెగులుతో పోరాడుతున్నాననుకుంది. తెగులుని నాటింది తనే. పీకినప్పుడల్లా అటూ ఇటూ పంచింది కూడా తనే.

వెర్నా చేయవలసింది చెప్పింది. ఆమె మాట కటువుగా లేదు, మెత్తగానూ లేదు. తల్లి సాలు, నున్జియో కాలువ పక్క సాలు, ఖాళీల్లో పెట్టిన అరవై మూడు, మాడినవన్నీ పోవాలి. మిగిలిన పొదల ఆకులు మూడేళ్లపాటు ఏటా పరీక్షించాలి. కొత్త మొక్కలు పరీక్ష చేసిన నర్సరీలో తప్ప ఎక్కడా తేకూడదు, ఎవరు ప్రేమగా ఇచ్చినా సరే. ఇంకో పది పదిహేను రోజుల్లో పేనుబంకకి రెక్కలొస్తాయి. రెక్కలొస్తే కాలువలూ గట్లూ దాన్ని ఆపవు. ఈలోపు పనైతే ఈ పదకొండెకరాల్లో ఎనిమిది దాకా దక్కుతాయి. కాకపోతే నాలుగేళ్లలో రెండు పొలాలూ పోతాయి.

"పండగ దాకా ఆగొచ్చా?" అని రోసాల్బా అడిగింది. జూలై నడుమ మేరీమాత పండగకి చర్చిలో పంచే తీపి టార్టులకి పండు ఎప్పుడూ తల్లి సాలుదే.

"ఆగకూడదు."

అస్సుంటా లేచింది. "నేను బతికుండగా ఆ సాలు మీద ఎవరి చెయ్యీ పడదు," అంది. ఆమె గొంతు పెంచలేదు. వెనక తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

"వెళ్లు," అన్నాడు నున్జియో రోసాల్బాతో. "నేనొస్తే నన్ను కొడుతుంది."

"నన్ను మాత్రం ముద్దు పెట్టుకుంటుందా?" అంది రోసాల్బా. అయినా లేచి వెళ్లింది.

తల్లి సాలు మనిషెత్తు దాటి ఉంటుంది. అస్సుంటా రెండు పొదల మధ్య నిలబడి ఉంది. కోడలు వచ్చిందని తెలిసినా తిరగలేదు.

"ఒక్క ఎండుటాకు చూపించు," అంది. "ఒక్కటి చూపించు, నేనే పీకేస్తాను."

"చూపించలేను మమ్మా. ఎండుటాకులన్నీ నా చేలో ఉన్నాయి."

"మీ మావయ్య బకెట్లతో నీళ్లు మోసి పెంచాడు వీటిని. కాలువ లేదప్పుడు."

"తెలుసు."

"నీకేం తెలుసు? నువ్వు పుట్టలేదు."

"పుట్టలేదు. అయినా నూటయాభై సార్లు విన్నాను." రోసాల్బాకి కోపం వచ్చింది. అప్పటిదాకా ఆపుకున్న కోపం అది. "నాకూ ఒక మొగుడు ఉండేవాడు మమ్మా, మీ కొడుకే. ఆ ఎనిమిదెకరాలూ ఆయన పెట్టినవి. ఆయన నీళ్లు మోయలేదా? మీ ఆయన మొక్కలు నా మొగుడి మొక్కల్ని చంపుతుంటే, నన్ను చూస్తూ కూర్చోమంటారా?"

అస్సుంటా తిరిగి చూసింది. ఆమెతో ఆ ఇంట్లో ఎవరూ అలా మాట్లాడి ఎరగరు. ఆమె చెయ్యి చాచి ఒక లేత కొమ్మ వంచి, ఆకు తిరగేసింది. ఆకు అడుగున పచ్చటి పేనుబంక నువ్వుగింజల్లా అతుక్కుని ఉంది. అందులో ఒకదానికి అప్పుడే రెక్కలు వచ్చాయి. అది ఆమె వేలి మీదికి పాకి, అక్కణ్ణించి ఎగిరి, కాలువ వైపు పోయింది. ఇద్దరూ దాన్ని కనబడేంత దూరం చూశారు.

"ప్రోస్పెరా ఏమంది ఆ రోజు?" అని అస్సుంటా అడిగింది.

ప్రోస్పెరా ఆమె అక్క. పెళ్లి చేసుకోలేదు. దేవదారు చిత్తడికి అవతల తండ్రి ఇచ్చిన నాలుగెకరాలు చేసుకుంటూ ఒక్కతే ఉంటుంది. పదేళ్ల కిందట మంచుకి ఆమె చేలో మొక్కలు పోతే, "పెళ్లికూతురివి కాకపోయినా తీసుకో" అని అస్సుంటా నవ్వుతూ పన్నెండు కొమ్మలు ఇచ్చింది. నాలుగేళ్లకు ప్రోస్పెరా చేను మొత్తం మాడిపోయింది. అక్కాచెల్లెళ్లు మాట్లాడుకోక ఆరేళ్లు.

"ఎందుకిప్పుడు అది?" అంది రోసాల్బా.

"ఏమంది?"

"నీ కొమ్మలతో పాటు చావుని పంపావు అంది."

"నేనేమన్నాను?"

రోసాల్బా తటపటాయించింది. "ఒకళ్ల పచ్చదనం చూసి ఓర్వలేని కళ్లు అన్నారు. చర్చి మెట్ల మీద, అందరి ముందూ."

అస్సుంటా ఆకుని వదిలేసింది. కొమ్మ పైకి లేచి ఊగింది. "ఆ పిల్లనడిగి రిబ్బను పట్రా," అంది.

పీకాల్సిన పొదలకి గుర్తు కట్టే ఎర్ర రిబ్బను చుట్ట వెర్నా జీపులో ఉంది. కట్టడానికి నున్జియో ముందుకొచ్చాడు, వెర్నా వచ్చింది. అస్సుంటా ఎవర్నీ కట్టనివ్వలేదు. నలభై పొదలకీ తనే కట్టింది. వంగలేని చోట మోకాళ్ల మీద కూర్చుని కట్టింది, లేవడానికి మాత్రం అల్లుడి చెయ్యి పట్టుకుంది. మధ్యలో ఎక్కడా ఏడవలేదు. చివరి పొద దగ్గర మాత్రం ముడి పడక మూడుసార్లు విప్పి కట్టింది. ఇదంతా అయ్యేసరికి మధ్యాహ్నం రెండయింది. నున్జియో మందు డబ్బా తేవడానికి వంతెన దాటాడు. ఈసారి వెళ్లేముందు, "మీ సాలుతో పాటు మాదీ ఒకేరోజు తీసేద్దాం," అని రోసాల్బాతో అన్నాడు. క్షమాపణ లాంటిది అతనికి అంతకంటే రాదు.

"ఈ కొమ్మలు ఇంకా ఎవరెవరికి వెళ్లాయి?" అని వెర్నా పుస్తకం తీసింది. "ఈ పదిపన్నెండేళ్లలో ఇచ్చినవన్నీ చెప్పండి."

అస్సుంటా వేళ్లు మడుస్తూ చెప్పింది. ఎవరి పెళ్లి, ఏ ఏడాది, ఏ దారిలో ఇల్లు, ఒక్కటీ తప్పలేదు. పందొమ్మిది ఇళ్లు. మా ఊరి చుట్టూ ఉన్న పొలాల్లో సగానికి ఆమె తన చేత్తోనే శుభం పంపించింది.

"అందరి దగ్గరికీ నేను వెళ్లి చెప్తాను," అంది వెర్నా.

"నువ్వు చెప్తే తలుపేస్తారు. ఇచ్చినదాన్ని నేను. నేనే చెప్పాలి." చుట్టలో మిగిలిన రిబ్బను ముక్క ఆమె గుప్పిట్లోనే ఉంది. "రోసాల్బా, బండి తియ్యి. ముందు మా అక్కింటికి."

ప్రోస్పెరా వసారాలో కూర్చుని చిక్కుడు కాయలు ఒలుస్తోంది. బండి ఆగడం, చెల్లెలు దిగడం, వెనక జీపు రావడం అన్నీ చూసింది. చేతిపని ఆపలేదు.

"ఎవరైనా చచ్చిపోయారా?" అంది.

"లేదు."

"మరెందుకొచ్చావు?"

అస్సుంటా మెట్ల కిందే నిలబడింది. డెబ్భై ఏడేళ్ల మనిషి, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, మోకాళ్లకి ఇసుక అంటుకుని ఉంది. "నువ్వు చెప్పిందే నిజం అక్కా," అంది.

"ఇంకాస్త గట్టిగా చెప్పు. ఈ చెవి సరిగ్గా వినబడదు."

"నువ్వు చెప్పిందే నిజం! నా కొమ్మలే నీ చేను చంపాయి. నేను నిన్ను అందరి ముందూ నానా మాటలూ అన్నాను. తప్పు నాది."

ప్రోస్పెరా ఇంకో కాయ ఒలిచి గింజలు గిన్నెలో వేసింది. "రెండోసారి చెప్పించుకోవాలని అడిగాను. మొదటిసారే వినబడింది," అంది. తర్వాత పక్కనున్న కుర్చీ మీది బుట్ట తీసి కింద పెట్టింది. అస్సుంటా మెట్లెక్కి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. కాసేపటికి ఆమె కూడా ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. రోసాల్బా బండి దగ్గరే ఉండిపోయింది. ఆమెకి ఏడుపొచ్చింది, ఎందుకో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

"మా చెల్లెలిచ్చిన పన్నెండూ ఆరేళ్ల కిందటే కాల్చేశాను," అని ప్రోస్పెరా వెర్నాతో అంది. "నువ్వు వెతకడానికి ఇక్కడేం లేదు."

వెర్నా అలవాటు కొద్దీ ఇంటి వెనక్కి ఒకసారి చుట్టి వచ్చింది. వచ్చాక ఆమె నడక మారింది. "బావి పక్కన దోమతెర కట్టి ఉంది. అందులో ఒక పొద ఉంది. జెర్సీ రకం," అంది.

అస్సుంటా చేతిలో కాయ ఆగింది. "అన్నీ కాల్చానన్నావు!"

"నువ్విచ్చినవి కాల్చాను. అది నువ్విచ్చింది కాదు."

నలుగురూ వెనక్కి వెళ్లారు. తెర వెనక పొద మొదలు మనిషి పిక్కంత లావుంది. చుట్టుపక్కల చేలన్నిటికీ దూరంగా, ఇంటి గోడ నీడన, ఒక్కటే ఉంది. చేను మాడిపోయిన ఏడాదే దీనికి తెర కట్టానని ప్రోస్పెరా చెప్పింది. వెర్నా లోపలికి వంగి ఆకుల అడుగులు చూసింది. ఒక్క పురుగు కూడా కనబడలేదు.

"ఇది తల్లి సాలు కొమ్మే అయి, సాలుకి తెగులు సోకకముందు కోసింది అయితే," అంది వెర్నా. ఆమె గొంతులో మొదటిసారి తొందర వినబడింది. "దీంట్లో వైరస్ లేకపోవచ్చు. పరీక్షలో లేదని తేలితే కలోజెరో గారి మొక్కల్లో శుభ్రంగా మిగిలింది ఇదొక్కటే. దీన్నుంచి మళ్లీ నలభై చేయొచ్చు." కత్తెర తీసింది, కొత్త సంచి మీద ఎనిమిది అంకె వేసింది. "ఎన్నేళ్లది ఇది? అది తెలియాలి."

ప్రోస్పెరా చెల్లెలి వైపు చూసింది.

"చెప్పక్కా," అంది అస్సుంటా. ఆమె కళ్లల్లో ఉదయం నుంచీ లేని ఆశ ఉంది. "నాకు పన్నెండు తెచ్చినప్పుడే నీకూ ఒకటి ఇచ్చాడా? వదిన వరస కదా అని ఇచ్చి ఉంటాడు. నాతో చెప్పనేలేదు చూడు. యాభై ఏడేళ్లు, కదా?"

"యాభై ఎనిమిది."

అస్సుంటా నవ్వబోయింది. "లెక్క తప్పావు. నా పెళ్లి ఏడాదికి..."

"తప్పలేదు. నీకంటే ముందు ఏడాది. సెయింట్ జోసెఫ్ పండగ నాడు, నాన్న చర్చికి వెళ్లినప్పుడు, గోనె పట్టుకుని ఈ బావి దగ్గరే నిలబడ్డాడు." ప్రోస్పెరా తెర అంచు సర్ది, గాలికి లేవకుండా రాయి పెట్టింది. "పన్నెండు తెచ్చాడు. పదకొండు తిరిగిచ్చేశాను."